సారంగధరుని కాళ్లు చేతులు నరికిందెవరు?



మొన్న ఒక భూస్థాపన ముగించుకొని సమాధుల తోట నుంచి తిరిగి వస్తుండగా మా విచారణ పెద్ద ఒకాయన నా పక్కన నడుస్తూ, "ఫాదర్, అంతా ఆ దేవుడు ముందే రాసిపెట్టిండు గదా. మనం ఏడ్సి ఏం లాభం?" అన్నాడు. ఆయన నన్ను ప్రశ్న అడగలేదు. ఓదార్పుగా ఒక మాట అన్నాడు, అంతే. నేను కూడా తల ఊపి ఊరుకున్నాను. గదికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మాత్రం నేను అలా తల ఊపడం నాకే నచ్చలేదు. సత్యోపదేశం చెప్పే గురువు నుదుటి రాతకు తల ఊపవచ్చునా? ఊపకూడదంటే, దేవునికి తెలియకుండా పిచ్చుక కూడా నేల రాలదని పీఠం ముందు నిలబడి చెప్పేది నేనే కదా?

ఈ వారం ఆ సంగతే మీతో మాట్లాడదలచాను. అయితే వేదాంతంతో మొదలుపెట్టను. చిందు భాగోతంతో మొదలుపెడతాను.

మాది జనగామ వైపు ఒక పల్లె. మా చిన్నతనంలో, అంటే 1970ల చివర, పంటలు ఇంటికి వచ్చాక చిందు కళాకారులు ఊళ్లోకి వచ్చేవారు. రాత్రి అన్నాలు తిన్న తరువాత పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో మద్దెల మోగేది. తెల్లవారేవరకు ఆట. మన జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఐదు దశాబ్దాలకు పైగా చిందు యక్షగానం ఆడిన మనిషి ఆయన. అటువంటి ఆటలు చూస్తూనే మేము పెరిగాము. బడిలో నేర్చుకున్న నీతి కంటే ఆ గోనెసంచుల మీద కూర్చొని నేర్చుకున్న నీతే ఎక్కువేమో!

ఒక రాత్రి సారంగధర కథ ఆడారు. తలారులు కత్తులు దూసి సారంగధరుణ్ణి అడవికి నడిపించుకు పోతుంటే నేను మా అమ్మ కొంగు చాటున ముఖం దాచుకున్నాను. "ఆయన ఏం తప్పు జేసిండే అమ్మా?" అని అడిగాను. "ఏం జేయలే బిడ్డా. వాని రాత గట్లున్నది. ఎవ్వలేం జేస్తరు" అంది మా అమ్మ. తరువాత ఒక సిద్ధుడు వచ్చి, నీళ్లు చల్లి, తెగిన కాళ్లు చేతులు అతికించాడు. వేషగాడు గుడ్డ లోపల నుంచి చేతులు బయటికి తీయగానే మేమంతా చప్పట్లు కొట్టాము. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. నరకడమూ రాతే, అతకడమూ రాతే. ఈ రెంటికీ నడుమ ఒక రాజు ఉన్నాడని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

కథ మీలో పెద్దవారికి తెలిసే ఉంటుంది. 1957లో వచ్చిన సినిమాలో ఎన్‌.టి. రామారావు, భానుమతి, ఎస్‌.వి. రంగారావు వేసిన వేషాలు చాలామందికి గుర్తే. పిల్లల కోసం క్లుప్తంగా చెబుతాను. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రునికి సారంగధరుడు కొడుకు. చిత్రాంగి రాజు చేసుకున్న చిన్న భార్య. జనం నోట నిలిచిన కథలో ఆమె మొదట చూసినది సారంగధరుని చిత్రపటమే, మనసు పడినదీ అతని మీదే, పెండ్లి మాత్రం తండ్రితో అయింది. రాజు వేటకు పోయిన రోజున సారంగధరుడు పావురాలను ఎగరవేస్తాడు. పావురం పోయి పోయి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. వెళ్లవద్దని స్నేహితుడు చెప్పినా వినకుండా అతడు పావురం కోసం లోపలికి వెళతాడు. ఆమె తన కోరిక చెబుతుంది. అతడు ఆమెను తల్లీ అని పిలిచి, కాదని బయటికి వస్తాడు. అవమానం పట్టలేక ఆమె రాజుతో అబద్ధం చెబుతుంది. రాజు కాళ్లు చేతులు నరకమని ఆజ్ఞ ఇస్తాడు.

చరిత్రకారులు ఈ కథను ఒప్పుకోరు. నన్నయ భట్టారకుని ఆదరించిన రాజరాజనరేంద్రుని కొడుకు రాజేంద్రుడు. అతడే 1070లో కులోత్తుంగ చోళుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. సారంగధరుడనే కొడుకు చరిత్రలో కనబడడు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట అని ఒక చోటు నేటికీ ఉంది. చరిత్ర ఒప్పుకోకపోయినా జనం ఒక కథను వందల ఏండ్లు మోశారంటే వారి గుండెలో ఏదో ముల్లు ఆ కథకు తగిలి ఉంటుంది.

ఆ ముల్లు ఏమిటి? నిరపరాధికి శిక్ష. శిక్ష వేసినవాడు కన్నతండ్రి. ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకొని రాత్రి నిద్రపోవడం కష్టం. అందుకే కథ చెప్పేవారు ఆ రెంటి మధ్యకు మూడవదాన్ని తెచ్చారు. అదే విధి. పావురం అక్కడే ఎందుకు వాలాలి? విధి. స్నేహితుని మాట చెవికి ఎందుకు ఎక్కలేదు? విధి. రాజుకు ఆ పూట వివేకం ఎందుకు పోయింది? అదీ విధే. చివరికి అద్భుతం చేసే సిద్ధుడు వస్తాడు. 15వ శతాబ్దికి చెందిన గౌరన తన నవనాథ చరిత్రలో సారంగధరుణ్ణి బాగుచేసి చౌరంగి అనే సిద్ధునిగా నిలిపాడు. పైనుంచి వచ్చిన కష్టం పైనుంచే తీరిపోయింది. రాజు లెక్క ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. బళ్లారిలో న్యాయవాద వృత్తి చేస్తూ నాటకాలు రాసి ఆడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. 1853లో పుట్టి 1912లో కన్నుమూశారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. నాటకం శుభంగానే ముగియాలన్నది మన పాత సంప్రదాయం. ఆయన ఆ కట్టు తెంచి ఈ కథనే తీసుకొని 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా దానిని చెప్పుకుంటారు. పేరులోనే విషాదం పెట్టి మరీ రాశారు చూడండి!

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ సంగతి తెలిసినప్పుడు, శుభాంతాన్ని తీసివేయడం ఏమి గొప్ప అనిపించింది. ఇప్పుడు నాకు అర్థమవుతున్నది వేరు. సిద్ధుడు వచ్చి అతికిస్తాడని తెలిస్తే ప్రేక్షకుడు సిద్ధుని కోసం ఎదురు చూస్తాడు, నేను చిన్నప్పుడు ఎదురుచూసినట్టే. అతికించేవాడు రాడని తెలిస్తే ప్రేక్షకుని కళ్లు వెనక్కి తిరుగుతాయి. ఇది ఎక్కడ ఆగి ఉండేది అని వెతుకుతాడు. అలా వెతికితే పావురం దగ్గర ఆగడు. పావురం పాపం పక్షి, ఎక్కడో ఒకచోట వాలుతుంది. చిత్రాంగి దగ్గర కొంత ఆగుతాడు, ఆమె పాపం ఆమెదే. కాని ఆమె మాటకు నరికే బలం లేదు. ఆ బలం ఇచ్చినది రాజముద్ర. ఆమె చెప్పడానికీ అతడు ఆజ్ఞ ఇవ్వడానికీ మధ్య కొంత సమయం ఉంది. అది ఒక రాత్రి కావచ్చు, ఒక గడియ కావచ్చు. ఆ గడియలో రాజు కొడుకును పిలిచి, "ఏం జరిగిందిరా?" అని అడగవచ్చు. స్నేహితుణ్ణి పిలిచి అడగవచ్చు. దాసీని అడగవచ్చు. ఆ గడియ మీద ఏ దేవతా కూర్చొని లేదు. అది పూర్తిగా రాజు చేతిలో ఉన్నది.

ఇది నా సొంత కల్పన అనుకోకండి. ఇటువంటి కథనే గ్రీకులు మనకంటె చాలా ముందే రంగస్థలం మీద ఆడారు. యూరిపిడిస్ అనే కవి హిప్పోలిటస్ అనే నాటకాన్ని క్రీస్తుపూర్వం 428లో ఏథెన్సు నగరంలో ప్రదర్శించి మొదటి బహుమతి పొందాడు. అందులోనూ సవతి తల్లే, నిష్కళంకుడైన కొడుకే, తొందరపడిన తండ్రే. తేడా ఏమంటే, అందులో దైవశక్తి తెర వెనుక దాగి ఉండదు. తెర తీయగానే ఆఫ్రొడైటీ అనే దేవత వచ్చి, ఈ యువకుడు నన్ను లెక్కచేయడం లేదు కనుక ఇతని సవతి తల్లి ఫీడ్రాలో మోహం పుట్టించాను, ఈ రోజే ఇతని చావు అని ముందే చెప్పేస్తుంది. ఇక మిగిలిందేమిటి? అంతా రాసిపెట్టినట్టే కదా! ఫీడ్రా తన మోహాన్ని దాచుకొని కుమిలిపోతుంది. దాది ఆ రహస్యాన్ని బయటపెడుతుంది. సిగ్గు భరించలేక ఫీడ్రా ఉరి వేసుకుంటుంది. కొడుకు మీద నింద రాసిన పలకను చేతికి కట్టుకొని మరీ చనిపోతుంది. తండ్రి థీసియస్ ఆ పలక చదివి, సముద్ర దేవుడు తనకిచ్చిన శాపశక్తిని కొడుకు మీద ప్రయోగిస్తాడు. సముద్రం నుంచి ఒక వృషభం లేస్తుంది. గుర్రాలు బెదిరి ఆ యువకుణ్ణి రాళ్ల మీద ఈడ్చుకుపోతాయి.

ముగింపులో మరొక దేవత, ఆర్టెమిస్, థీసియస్ దగ్గరికి వస్తుంది. ఏమంటుంది? నీ తప్పు లేదు, అంతా ఆఫ్రొడైటీ చేసింది అనవచ్చు. నాటకం మొదట్లో మనం కళ్లారా చూశాము కనుక ఆ మాట నిజం కూడా. నిజంగానే ఆమె ఆ మాట కొంత అంటుంది, తెలియక చేశావు కనుక నీకు క్షమాపణ ఉందంటుంది. కాని అంతకు ముందు ఆమె వేసిన నింద వేరు. నీవు సాక్ష్యం కోసం ఆగలేదు, సోదె చెప్పేవారినీ అడగలేదు, కాలానికి అవకాశం ఇవ్వలేదు, శాపం మాత్రం వెంటనే విసిరావు అని. పాఠకులారా, దేవతలు స్వయంగా కుట్ర చేసిన నాటకంలో కూడా ఆ గడియ మనిషిదే అయింది! క్రైస్తవం పుట్టడానికి నాలుగు వందల ఏండ్ల ముందు ఒక అన్యమత కవి ఈ మాట చెప్పాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన పవిత్ర గ్రంథంలో ఈ గడియను వాడుకున్న మనిషి ఒకరున్నారు. పెద్దవాడు కాదు, బాలుడు. దానియేలు గ్రంథం 13వ అధ్యాయంలోని సూసన్న కథ. తపస్సుకాలం 5వ వారం సోమవారం నాడు పూజలో చదువుతాము. మన ప్రొటెస్టంటు సోదరుల బైబులులో ఈ అధ్యాయం ఉండదు, అది వారికి లోటని నా అభిప్రాయం. ఇద్దరు పెద్దలు, అదీ న్యాయాధిపతులు, సూసన్నను కోరి, ఆమె కాదన్నందుకు వ్యభిచార నింద వేస్తారు. సభ నమ్ముతుంది. ఆమెను చంపడానికి తీసుకుపోతున్నారు. ఆమె తల్లిదండ్రులు ఏడుస్తున్నారు, బంధువులు ఏడుస్తున్నారు, ఎవరూ ప్రశ్న అడగడం లేదు. అప్పుడు దానియేలు గుంపులో నుంచి కేకవేసి అందరినీ వెనక్కి మళ్లిస్తాడు. ఆ ముసలివారిని విడివిడిగా నిలబెట్టి ఒకటే ప్రశ్న అడుగుతాడు. ఏ చెట్టు కింద చూశారు? ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, రెండవవాడు వేరొక చెట్టు పేరు చెప్పాడు. అంతటితో అబద్ధం కూలిపోయింది. దేవుడు అక్కడ ఆకాశం నుంచి నిప్పు కురిపించలేదు. ఒక బాలునిలో పవిత్రాత్మను రేపి, అతని నోట ఒక ప్రశ్న పెట్టాడు. అదే అక్కడ జరిగిన దైవకార్యం.

ఐగుప్తులో యోసేపు కథ కూడా మీకు గుర్తు రావచ్చు. పొతీఫరు భార్య చెప్పిన మాట విని పొతీఫరు కోపించాడు, చెరసాలలో వేయించాడు. అడిగినట్టు ఎక్కడా లేదు. తరువాత దేవుడు ఆ చెరసాల నుంచే మేలు తీశాడు, నిజమే. కాని మేలు తీశాడు కనుక కీడు చేయించింది దేవుడే అనడం అన్యాయం. యోసేపు తన అన్నలతో ఈ సంగతి విడమరచి చెప్పాడు. మీ ఆలోచన కీడు, దేవుని ఆలోచన మేలు అని వేరువేరుగా చెప్పాడు.

మరి దేవునికి ముందే తెలుసు కదా అన్న ప్రశ్న మిగిలింది. తెలిస్తే తప్పదు కదా? దీనికి జవాబు రాసినవాడు చెరసాలలో కూర్చొని రాశాడు. బోయెతియుస్ అనే రోమా పండితుడు. థియోడొరిక్ రాజు మీద కుట్ర చేశాడని నింద. తన వాదన వినకుండానే దూరాన శిక్ష తీర్మానించారని ఆయనే వాపోయాడు. 524 ప్రాంతంలో మరణశిక్ష అమలయింది. చావు కోసం ఎదురు చూస్తూ రాసిన పుస్తకంలో ఆయన ఒక చిన్న ఉదాహరణ ఇస్తాడు. సూర్యుడు ఉదయించడం, ఒక మనిషి నడవడం ఒకేసారి నా కంట పడ్డాయనుకోండి. రెంటినీ చూస్తున్నాను. సూర్యుడు ఉదయించక తప్పదు. ఆ మనిషి మాత్రం ఇష్టమై నడుస్తున్నాడు, ఆగాలంటే ఆగగలడు. నేను చూస్తున్నంత మాత్రాన అతని నడక బలవంతం కాలేదు. దేవుని ఎరుక కూడా అటువంటి చూపే, ఆయనకు నిన్న రేపు లేవు కనుక అన్నీ ఎదుట ఉన్నట్టు చూస్తాడు. తన మీద నిజంగా విధి విరుచుకుపడిందని అనదగిన మనిషి, అనకుండా ఈ మాట రాశాడు. అందుకే నాకు ఆయన మీద గౌరవం.

జాతకాల సంగతి పునీత అగుస్తీను గారు ఇంకా సూటిగా తేల్చారు. యౌవనంలో ఆయనే జ్యోతిష్కుల వెంట తిరిగినవాడు. ఫిర్మినుస్ అనే స్నేహితుడు ఆయనకొక సంగతి చెప్పాడు. ఫిర్మినుస్ పుట్టిన క్షణంలోనే తండ్రి స్నేహితుని ఇంట ఒక దాసికి కొడుకు పుట్టాడు. ఇంటి నుంచి ఇంటికి మనుషులను పంపి మరీ సమయం చూసుకున్నారు. లగ్నం ఒకటే, గ్రహాలు ఒకటే. ఫిర్మినుస్ సిరిసంపదలతో బతికాడు, దాసి కొడుకు దాసుడుగానే మిగిలాడు. మన క్రైస్తవ కుటుంబాల్లో కొందరు పెండ్లి ముహూర్తానికి గుట్టుగా పంచాంగం చూపించుకొని, తరువాత నా దగ్గరికి వచ్చి, "ఫలానా తేదీనాడు పది గంటల ఇరవై నిమిషాలకే పూజ పెట్టండి ఫాదర్" అంటారు. ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదనుకుంటారు!

అయితే ఒక జాగ్రత్త. ప్రతి చావు వెనుకా ఒక దోషిని వెతకమని నేను అనడం లేదు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారి కంటె పాపులా అని అడిగి, కాదని చెప్పినవాడు మన ప్రభువే. ఎవరి తప్పూ లేని మరణాలు ఉన్నాయి. అక్కడ ఏడవడం, పక్కన కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. కాని ఏది ఎటువంటిదో అడగకుండానే ఎలా తెలుస్తుంది? నేను భూపాలపల్లిలో ఉన్నప్పుడు సింగరేణి గనిలో దిగే ఒక సోదరుడు చెప్పేవాడు. "పని మొదలువెట్టే ముందు పైకప్పును రాడ్డుతోని కొట్టి చప్పుడు ఇంటం ఫాదర్. గట్టిగ మోగితె మంచిదే. డొల్లగ మోగితె ఆడ నిలవడొద్దు." ఆయన గనిలోకి దిగే ముందు సిలువ గుర్తు వేసుకునేవాడు, దిగాక కప్పు కొట్టి చూసేవాడు. ఒకటి చేశాను కనుక రెండవది అక్కరలేదని ఎన్నడూ అనలేదు.

ఇంత చెప్పి, నా సంగతి చెప్పకుండా ముగిస్తే అది కపటమవుతుంది. ఇరవై ఏండ్లు దాటింది. అప్పుడు నేను మహబూబాబాద్ వైపు ఒక విచారణలో ఉన్నాను. ఉప గ్రామం ఒకదానిలో మన కుటుంబం వారి రెండేండ్ల పాప వానాకాలంలో జ్వరంతో చనిపోయింది. నేనే వెళ్లి భూస్థాపన చేశాను. "దేవుని చిత్తం" అన్నాను. అప్పుడు అలాగే అనేవాణ్ణి. వారం గడిచాక ఒక సాయంత్రం మా ఉపదేశి సైకిలు మీద వచ్చాడు. ఆ వీధిలోనే ఉండే ఒక విధవరాలు, పసరు మందు ఇచ్చి పిల్లలకు తాయెత్తు కట్టే ఆవిడ, బాణామతి చేసి పాపను చంపిందని మాట పుట్టిందట. "ఇయ్యాల రాత్రి కూసుంటున్నరు ఫాదర్. మనోళ్లు గూడ ఉన్నరు. మీరు జర వస్తె మంచిగుంటది" అన్నాడు.

మరునాడు మా గుడి పండుగ ధ్వజారోహణ. పందిరి పని సగంలో ఉంది. ఆవిడ మన విచారణ మనిషి కూడా కాదు. ఈ రెండూ నా మనసులో మెదిలాయని ఒప్పుకుంటున్నాను. "రేపు పొద్దున పూజ కాగానే వస్తాను, అందాకా ప్రార్థన చేయమను" అని చెప్పి పంపాను.

పొద్దున నేను వెళ్లేసరికి ఆమె ఇంటి తలుపు విరిగి ఉంది. మంత్రం నోటి నుంచి రాకుండా ఉండాలని ముందుపళ్లు రాలగొట్టారు. తెల్లవారకముందే కూతురిని తీసుకొని ఊరు విడిచి పోయిందట. మన తెలంగాణ జిల్లాల్లో ఇటువంటి వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు చదివాము. నేను వాటిని వేరే లోకపు సంగతుల్లా చదివేవాణ్ణి. ఆ పొద్దున పాప తండ్రి ఇంట్లో కూర్చున్నాను. ఎవరూ మాట్లాడటం లేదు. ఏమనాలో తోచక, ఆసుపత్రిలో డాక్టరు ఏమన్నాడు అని అడిగాను. తల్లి లేచి వెళ్లి, దేవమాత పటం వెనుక నుంచి మడత పెట్టిన చీటీ ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. నేను చదివాను. మలేరియా అని ఉంది.

ఆ చీటీ ముందు రోజు రాత్రి కూడా ఆ పటం వెనుకనే ఉంది.

పాప తండ్రి నా ముఖం చూసి, కాసేపటికి, "అంత ఆ దేవుని రాత ఫాదర్" అన్నాడు. నేను నేర్పిన మాటను ఆయన నాకు తిరిగి ఇచ్చాడు. నేను కాదనలేదు. కాదంటే ఆయన చేతుల సంగతీ, నా కాళ్ల సంగతీ మాట్లాడవలసి వచ్చేది. పాపసంకీర్తనంలో ఈ సంగతి చెప్పుకున్నాను. ఊళ్లో ప్రసంగించాను కూడా. కాని ఆవిడ ఎక్కడ ఉందో కనుక్కోవడానికి నేను గట్టిగా ప్రయత్నించానని మాత్రం చెప్పలేను.

చాలా ఏండ్ల తరువాత మహబూబాబాద్ రైల్వే స్టేషను బయట ఆకుకూరలు కొందామని ఆగాను. గంప ముందు కూర్చున్న ముసలామె, "బాగున్నరా ఫాదర్?" అని పలకరించింది. నవ్వినప్పుడు పైవరుసలో ఖాళీ కనిపించింది. అప్పుడు గుర్తుపట్టాను. అక్కడే, జనం నడుస్తుండగానే చెప్పాను. అమ్మా, ఆ రాత్రి నన్ను పిలిచారు, నేను రాలేదు, వస్తే ఆ చీటీ చదివేవాణ్ణి అని. ఆమె కొంతసేపు పాలకూర కట్టలు సర్దుతూ ఉంది. "మీరొచ్చినా ఏమైతుండె ఫాదర్. నా రాత గట్లున్నది. మీ మీద నాకేం లేదు" అంది.

నా మీద దయతోనే అన్నది. ఆ మాట పట్టుకొని రైలు ఎక్కి ఉంటే ఆ రోజు నా గుండె తేలికయ్యేది. "కాదమ్మా, రాత కాదు. నేను రాలేదు" అన్నాను మళ్లీ. ఆమె నా వైపు చూసింది. అవును అనలేదు, కాదు అనలేదు. మూడు కట్టలు సంచిలో వేసి, కొసరుగా ఇంకొక కట్ట పెట్టి, డబ్బు లెక్క చూసుకుంది.